రెండొందల వాట్ల దాలి

ఓవెన్ ముందు కూర్చునేవాళ్లకి ఓ వెన్నంటూ మిగలదు. ఎస్తర్ రాణికి నలభై ఆరేళ్లకే అది కొక్కెంలా వంగింది. బుధవారం పొద్దున్న పదకొండింటికి ఆ కొక్కేనికి ఒళ్లంతా తగిలించి, ముక్కాలిపీట మీద కూర్చుని, గాజు తలుపులోంచి కేకు పొంగుతున్న తీరు చూస్తుండగా, ఇంటి యజమాని జగదీశ్వరరావుగారు కరెంటు బిల్లు పట్టుకుని వెనక వాటాలోకి వచ్చాడు. జానెడు పొడుగు కాగితం. దాన్ని తలా తోకా చెరో చేత్తో, పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఏమ్మా ఎస్తరూ, ఇది చూశావా?"

"సూడలేదండి బాబుగారు. ఎంతొచ్చిందేటి?"

"ఎంతొచ్చిందని కాదు, ఎందుకొచ్చిందని అడుగు. దసరా ముందు రెండొందల ఎనభై యూనిట్లు. ఇప్పుడు నాలుగొందల ఇరవై. శ్లాబు మారిపోయింది."

నర్సీపట్నంలో ఆ ఇంటికి రెండు శ్లాబులు. నెత్తి మీదున్నది వానొస్తే కారుతుంది, బిల్లులో ఉన్నది వానొచ్చినా రాకపోయినా ఎక్కుతుంది. ముందు వాటాకి, వెనక వాటాకి మీటరు ఒకటే. ఇద్దరూ కలిసి వాడేది యూనిట్లే గాని, యూనిటీ అన్నది ఆ మీటరు మీద ఎప్పుడూ తిరగలేదు. వచ్చిన బిల్లుని మూడు భాగాలు చేసి రెండు భాగాలు వెనక వాటా మీద వెయ్యడం జగదీశ్వరరావుగారి పద్ధతి. ఎందుకంటే వెనక ఓవెన్ ఉంది. వాట్లు ఎవరివో తేలకముందే వాటాలు తేలిపోయాయి.

ఆయన జేబులోంచి భూతద్దం తీశాడు. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరైనా భూతద్దం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఓవెన్ వెనక్కి వంగి, అక్కడ అంటించిన రేకుని చదివాడు.

"రెండు వేల వాట్లు. మా స్లో కుక్కర్ ఎంతో తెలుసా? రెండొందలు. పదో వంతు. నేనేదో నోటికొచ్చినట్టు అనడం లేదు, ఫోన్లో వీడియో చూశాను. ఓవెన్ ఖర్చులో స్లో కుక్కర్‌ది పావు వంతు కూడా కాదని లెక్కేసి మరీ చూపించాడు. సూటేసుకున్నాడు కూడానూ."

"సూటేసుకుంటే లెక్క తప్పదాండి?" అంది ఎస్తర్ రాణి. వెటకారానికి కాదు. అంత ఓపిక ఆమెకి లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"నెలాఖరు దాకా చూస్తాను. ఓవెనైనా మాను, వాటా అయినా ఖాళీ చెయ్యి. ఆ కుక్కర్లో కేకు కూడా అవుతుందట. రేపు మాది తెచ్చిస్తాను, చేసి చూడు."

ఓవెన్ టింగుమంది. ఎస్తర్ రాణి గుడ్డ పట్టుకుని టిన్ను పైకి తీసి, మధ్యలో చీపురుపుల్ల గుచ్చి, పుల్లని వెలుతుర్లో పెట్టి చూసింది. తడి లేదు. గది నిండా యాలకుల వాసన. ముక్క తింటారా అని మాత్రం అడగలేదు. ఆ ఇంట్లో మూడేళ్లుగా అడగకూడని ప్రశ్న అదొక్కటే.

ఆయన వెళ్లాక గోడవారనున్న గాజు జాడీల వైపు చూసింది. జీడిపప్పు, కిస్మిస్, టూటీఫ్రూటీ ద్రాక్షరసంలో నానుతున్నాయి. క్రిస్మస్‌కి రెండు చర్చిలకి అరవై కేకులు ఒప్పుకుంది. ఇంకో వాటా వెతుక్కోవడమంటే మాటలు కాదు. ఓవెన్ ఉందండీ అంటే ముఖం చిట్లిస్తారు. గుడ్లు అంటే తలుపు దగ్గరికేస్తారు. ఏ చర్చికెళ్తారని అడిగి, చెప్పాక, మా చుట్టాలే దిగుతున్నారమ్మా అంటారు. నర్సీపట్నంలో ఖాళీ వాటాలున్న ప్రతి ఇంటికీ అంతమంది చుట్టాలున్నారని ఆమెకి మూడేళ్ల కిందట తిరిగినప్పుడే తెలిసింది.

సాయంత్రం ఆమె మొగుడు సాల్మన్‌రాజు కృష్ణదేవిపేట ట్రిప్పులు ముగించుకుని వచ్చి, కాళ్లు కడుక్కుంటూ విన్నాడు. షేర్ ఆటోవాడు. మనుషుల్ని ఎక్కించుకోవడం తెలుసు గాని, తను దిగాల్సొస్తే ఎక్కడ దిగాలో తెలియదు.

"సెప్పినట్టు ఆ కుక్కర్లో సేసి సూడరాదేటే?"

"సూస్తాను," అంది ఎస్తర్ రాణి.

*

గురువారం స్లో కుక్కర్ ఊరేగింపుగా వచ్చింది. కుక్కర్ ముందు, దాన్ని మోస్తున్న జగదీశ్వరరావుగారు దాని వెనక, ఆయన వెనక కొంగు నడుముకి దోపుకుని ఆయన తల్లి అప్పయమ్మగారు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. గొలుగొండ దగ్గర పల్లెలో గేదెని అమ్మేసి దసరాలకి కొడుకింటికి వచ్చింది. కుక్కర్‌కి ఆవిడ కాపలా చూస్తే, ఆ పేరులో కుక్క ఊరికే చేరలేదనిపిస్తుంది.

"సాయంత్రానికల్లా ఇచ్చీయాలే గుంటా. పాలు స్టీలు గిన్నిలో పోసి ఒచ్చినాను. సల్లారిపోతాయి," అంది.

కొడుకు ప్లగ్గు పెట్టి, మీట 'లో' మీదికి తిప్పి వెళ్లిపోయాడు. ఎస్తర్ రాణి లోపలి గిన్నెకి వెన్న రాసి, బటర్ పేపరు పరిచి, పిండి పోసి, మూత పెట్టింది. అప్పయమ్మగారు గుమ్మం అవతల, కాళ్లు బయటికి పెట్టుకుని కూర్చుంది. గంట గడిచింది. మూత మీద ఆవిరి పట్టింది. రెండో గంటకి ఆ ఆవిరి చుక్కలై కేకు మీద పడడం మొదలైంది. ఎస్తర్ రాణి మూత కింద గుడ్డ కట్టింది. గుడ్డ తడిసింది. ఇంకో గుడ్డ కట్టింది.

"ఇంట్లో దీన్ని ఎప్పుడాపుతారండి మామ్మగారు?" మాటకి మాటగా అడిగింది.

"ఏటి ఆపడం?"

"స్విచ్చండి."

అప్పయమ్మగారు తెలివితక్కువ పిల్లని చూసినట్టు చూసింది. "దాలి ఎవులైనా ఆపుతారేటే? మా అత్త కాలం నాటి గుంట అది, పెరట్లో. పిడకలు పేర్చి, పైన ఊక పోసి, పాలకుండ దించీస్తే పొద్దు గూకిందాకా అలా కాగుతానే ఉండీవి. ఎర్రగా మీగడ, నా అరసెయ్యంత మందం. రాత్రికి ఆ నిప్పు మీదే అంబలి. తెల్లారగానే ఆ నిప్పే తీసి మళ్లీ దాలి. కాపరానికి ఒచ్చినకాడ్నుంచీ నా సేత్తో ఆర్పినాన్నేను? గేదిని తోలుకుపోయినోజే ఆరింది. మా వోడు దీన్ని కొనిచ్చినాడు. పొగ లేదు, బూడిద లేదు. మంచి గుంటడు."

ఎస్తర్ రాణి విన్నది గాని వినలేదు. చెవులు ఆవిడ వైపున్నా కళ్లు కేకు మీదున్నాయి. నాలుగో గంటకి పుల్ల గుచ్చితే పిండి అంటుకుని వచ్చింది. అయిదో గంటకి రాలేదు. బోర్లిస్తే పాలిపోయిన ముద్ద ఒకటి పళ్లెంలోకి జారింది. రంగు లేదు, పైన తడి. పొద్దున్నే ముఖం తుడుచుకోకుండా బడికొచ్చినట్టుంది.

"ఇడ్లీకీ కేకుకీ పుట్టినట్టుందే," అంది అప్పయమ్మగారు.

జగదీశ్వరరావుగారు వచ్చి గుమ్మంలోంచే తొంగిచూశాడు. "బానే ఉందిగా, మెత్తగా. నేర్చుకుంటే అదే వస్తుంది," అన్నాడు. ముక్క నోట్లో పెట్టే ప్రమాదం లేని మనిషి రుచి గురించి ఎంత ధైర్యంగానైనా మాట్లాడగలడు.

"ఇలాటిది తీసుకెళ్లి ఇస్తే పాస్టరుగారు దీవించడానికి బదులు సమాధి ప్రార్థన పెడతారండి," అంది ఎస్తర్ రాణి.

ఆయన నవ్వలేదు. ఆ సంగతీ ఈ సంగతీ నెలాఖరుకే అన్నాడు. ఈలోగా అప్పయమ్మగారు ప్లగ్గు పీకి, గిన్నె కడిగి, వేడి తగ్గకుండా కుక్కర్‌ని కొంగుతో చుట్టి చంకనెత్తుకుంది. "తప్పుకోరా, బేగి, బేగి," అంటూ కొడుకుని మోచేత్తో తోసుకుని వెళ్లిపోయింది.

*

శుక్రవారం జగదీశ్వరరావుగారు భార్యతో పాయకరావుపేటలో పెళ్లికి వెళ్లాడు. వెళ్లేముందు ఇల్లంతా తిరిగి, ఫ్రిజ్జు ఖాళీ చేయించి, దాని ప్లగ్గుతో సహా అన్ని ప్లగ్గులూ పీకాడు. మోటారు స్విచ్చి మీద కాగితం అంటించాడు. తను లేనప్పుడు ఓవెన్ ముట్టించవద్దని వెనక వాటా వైపు కేకేశాడు. కేకు చేసేవాళ్ల ఇంట్లో కేకలకేం లోటు లేదు.

పని లేని రోజు ఎస్తర్ రాణికి పనున్న రోజుకంటే అలసటగా ఉంటుంది. కిస్మిస్ పళ్లెం తీసుకుని, ముందు వైపు గాలి తగులుతుందని మీటరున్న నడవాలో చాప వేసుకుంది. ఒక్కో కిస్మిస్‌కి తొడిమ గిల్లి పక్క పళ్లెంలో వేస్తోంది. కాసేపటికి చేతులు ఏదో తాళానికి ఆడుతున్నట్టు తోచింది. తలెత్తి చూసింది. మీటర్లో చిన్న ఎర్రలైటు. వెలుగుతోంది, ఆరుతోంది. అది వెలిగినప్పుడల్లా ఆమె చేతిలో కిస్మిస్ పడుతోంది.

తన వాటాలో ఫ్యాను కూడా తిరగడం లేదు. ముందు వాటాలో అన్నీ పీకేశారు. మరి ఇదెవరికోసం కొట్టుకుంటోంది?

మీటరు రీడింగుకొచ్చే జోగులు ఒకసారి మంచినీళ్లు తాగుతూ చెప్పాడు: 'ఈ లైటు మూడు వేల రెండొందలసార్లు కొడితే ఒక యూనిట్టండి. ఇదిగో, దాని మొహం మీదే రాసుంటాది.' ఆ రోజు ఆ మాట నీళ్లతో పాటే గొంతు దిగిపోయింది. ఇప్పుడు పైకొచ్చింది. ఎస్తర్ రాణి సెల్‌ఫోన్లో గడియారం పెట్టుకుని, లైటు వెలిగిన ప్రతిసారీ ఒక కిస్మిస్ పళ్లెం మార్చింది. నిమిషం తర్వాత లెక్కపెడితే పది. మళ్లీ చేసింది. పదకొండు. ఇంకోసారి చేసింది. పదకొండే.

లేచి ముందు వాటా కిటికీ దగ్గరికి వెళ్లింది. అప్పయమ్మగారు పెళ్లికి వెళ్లలేదు. వంటింట్లో కుక్కర్ పక్కన పీట వేసుకుని, మూత మీద చెయ్యి వేసి కూర్చుంది, జ్వరం చూస్తున్నట్టు.

"మామ్మగారూ, ఇంట్లో ఏటి నడుస్తందండి?"

"ఏటీ లేదే. ఫ్యానూ లేదు, ఫ్రిజ్జీ లేదు. అన్నీ పీకీసి ఎల్లినాడు."

"మరి దాలో?"

"దాలి నడవడం ఏటే? ఆడు పీకితే మళ్లీ పెట్టీసినాను. అది ఉంటాది."

ఎస్తర్ రాణి వెనక్కి వచ్చి బటర్ పేపరు ముక్క మీద లెక్క వేసింది. అయిదు గంటలకి ఒక యూనిట్టు. రోజుకి అయిదు, కొంచెం తక్కువ. నెలకి నూట నలభై పైచిలుకు. దసరాకి ముందు రెండొందల ఎనభై, ఇప్పుడు నాలుగొందల ఇరవై. ఆమె ఓవెన్ రోజుకి గంటన్నర. వేడెక్కి, ఆరి, మళ్లీ వేడెక్కి, మొత్తం తాగేది ఒకటిన్నర యూనిట్టు. అప్పయమ్మగారి కోడలు వంటింట్లోకి వచ్చేది వంటకే గాని స్విచ్చి జోలికి కాదు. కొడుకు చదివింది వాట్లు, లెక్కపెట్టనివి గంటలు. నెమ్మదిగా తినేవాడు తక్కువ తింటాడని విస్తరి ముందు కూర్చున్న ఏ మనిషీ అనడు. కరెంటు దగ్గరికొచ్చేసరికి చదువుకున్నవాళ్లే అనేస్తున్నారు.

గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు. కిస్మిస్ పళ్లేన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. చెబితే ప్లగ్గు పీకుతాడు. చెప్పకపోతే అరవై కేకులు, ఓవెన్, మొగుడు, తను కలిసి ఆటోలో కాపరం చెయ్యాలి.

దీపాలు పెట్టే వేళకి ఆయన వచ్చాడు. చెప్పులు విప్పకముందే మీటరు దగ్గరికి పిలిచింది. బటర్ పేపరు చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గొంతు పెంచలేదు. ఆయన నమ్మలేదు. చేతి గడియారం చూసుకుంటూ, వేలితో గాల్లో టిక్కులు పెడుతూ తనే లెక్కపెట్టాడు. భూతద్దంతో మీటరు మీది అంకె చదివాడు. రెండోసారి లెక్కపెట్టేటప్పుడు వేలు ఆగిపోయింది.

"ఇరవై నాలుగ్గంటలా?" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

లోపలికి వెళ్లాడు. కాసేపటికి టక్కుమని స్విచ్చి చప్పుడు.

"ఏట్రా అది?" అప్పయమ్మగారి గొంతు.

"ఏం లేదమ్మా. ఇంక చాలు."

మీటర్లో ఎర్రలైటు చాలాసేపటికి ఒకసారి గాని కొట్టలేదు.

*

శనివారం పొద్దున్న స్లో కుక్కర్ అట్టపెట్టెలోకి, అట్టపెట్టె అటక మీదికి వెళ్లిపోయాయి. పాలు గ్యాసు మీద అయిదు నిమిషాల్లో పొంగాయి. అప్పయమ్మగారు ముందరి మెట్టు మీద కూర్చుంది. చేతులు ఒళ్లో ఉన్నాయి, అరచేతులు పైకి. కోడలు టిఫిను తెచ్చిపెడితే ఈగలు తిన్నాయి.

ఎస్తర్ రాణి పదింటికి ఓవెన్ ముట్టించింది. పుట్టినరోజు కేకులు రెండున్నాయి. నడవా వైపు చూడకుండా పని చేసుకుంది. చూడకపోయినా ఆ మెట్టు ఆమె వీపుకి తెలుస్తూనే ఉంది. పదకొండున్నరకి రెండో టిన్ను బయటికి తీసి, మీట సున్నాకి తిప్పి వెనక్కి తిరిగేసరికి అప్పయమ్మగారు గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేతిలో మూత పెట్టిన మట్టికుండ, ఇంకో చేతిలో ఇత్తడి పళ్లెం.

"ఆపీసినావా?"

"ఆపీసినానండి."

"మరి ఇంకా సెగ కొడతందేటి?"

"గంట పైనే ఉంటాదండి అలాగ. ఊరికే పోద్ది."

"ఊరికే పోద్దా," అంది అప్పయమ్మగారు. గడప దాటి లోపలికి వచ్చింది. దాటాక ఒకసారి ఆగి, కాళ్ల కింద నేల తన ఇంటి నేలలాగే ఉందా అన్నట్టు చూసుకుంది. వంగి, ఓవెన్ తలుపు కొంగుతో పట్టి తెరిచి, లోపలి కమ్మీల మీద ముందు ఇత్తడి పళ్లెం పెట్టింది, పళ్లెంలో కుండ పెట్టింది. కుండలో పాలు కాచినవే, ఇంకా పొగలొస్తున్నాయి.

ఎస్తర్ రాణి చెయ్యి అడ్డం పెట్టబోయింది. "మామ్మగారూ, ఇందులో గుడ్లు..."

"నాకు ముక్కు లేదేటే? కుండ నాది, పళ్లెం నాది. సెగకి ఏటి అంటు? తలుపెయ్యి."

ఎస్తర్ రాణి తలుపు వేసింది. ఇద్దరూ గాజులోంచి చూస్తూ కూర్చున్నారు, ఒకరు ముక్కాలిపీట మీద, ఒకరు నేల మీద. ముసలామె నేల మీద కూర్చుందని ఎస్తర్ రాణి లేచి పీట జరిపింది. ఆవిడ వద్దని చెయ్యి ఊపింది. ఓవెన్ రేకులు చల్లారుతూ చిటపటమంటున్నాయి.

"బాబుగారికి సెప్పింది నేనేనండి," అంది ఎస్తర్ రాణి చివరికి.

"తెల్సు. ఆ మూల తలుపు సరిగ్గా పళ్లేదు సూడు."

ఎస్తర్ రాణి తలుపు నొక్కి పెట్టింది. గంటన్నర గడిచాక అప్పయమ్మగారు కుండ బయటికి తీయించి, మూత ఎత్తి, చిటికెన వేలితో మీగడ అంచు లేపింది. లేత ఎరుపు, పల్చగా. వేలు నోట్లో పెట్టుకుని ఆలోచించింది.

"పల్సగుంది. రేపు ఇంకాస్త సెగ మీదుండగా పెట్టాల," అని కుండా పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ముందు వాటాలో కంచం చప్పుడు వినిపించింది.

సాయంత్రం జగదీశ్వరరావుగారు వచ్చాడు. ఈసారి చేతిలో కాగితం లేదు. కాగితం లేని గుమాస్తాకి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

"అమ్మ రాత్రి నుంచి ఏమీ తినలేదు. మధ్యాహ్నం తింది."

ఎస్తర్ రాణి టిన్నులు తోముతోంది.

"అంచేత ఏంటంటే... రేపటి నుంచి పదింటికల్లా ఓవెన్ ముట్టించెయ్యి. ఆర్డరున్నా లేకపోయినా."

"నెలాఖరుకి ఖాళీ సెయ్యమన్నారు కదండి."

"ఇప్పుడెవరన్నారు?"

మూడు రోజుల కిందట మానమన్న నోరే ఇప్పుడు మానవద్దంటోంది. రెండుసార్లూ అడిగినట్టు లేదు, చెప్పినట్టే ఉంది. ఎస్తర్ రాణి టిన్ను మాడుని గోరుతో గీకుతూ, తల తిప్పకుండానే అంది.

"మరి బిల్లండి?"

"సగం సగం చేద్దాం."

"మూడు భాగాలు అలాగే ఉంచండి బాబుగారు. రెండు మీవి, ఒకటి నాది."

"ఓవెన్ నీది కదమ్మా?"

"ఆర్డరు లేన్నాడు అది ఎవరిదండి?"

మీటరున్న వైపు ఒకసారి చూశాడు. అక్కడి నుంచి అది కనబడదు. "సగం," అన్నాడు మళ్లీ, ఈసారి కొంచెం మెల్లగా, అడుగుతున్నట్టు. ఆమెకి చేతులు లాగుతున్నాయి. ఇంకో మాటకి ఓపిక లేదు. మూడింట రెండు కంటే సగం తక్కువే. సరేనంది.

ఆయన రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "రేపు ఆదివారం కదా. మరి నువ్వు..."

"సర్వీసుకి ఎల్లాలండి."

"అమ్మ పాలో?"

ఆమె టిన్ను బోర్లించింది. ఆయన వెళ్లిపోయాడు.

*

ఆదివారం తొమ్మిదిన్నరకి సాల్మన్‌రాజు ఆటో తుడిచి వీధిలో పెట్టి హారన్ కొట్టాడు. ఎస్తర్ రాణి తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచి భుజానికి వేసుకుని, తాళంచెవి చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. వారానికి ఒక్క పూట ఓవెన్ ముందు కాకుండా ఇంకొకరి ముందు కూర్చుంటుంది. ఆ పూట కోసమే మిగిలిన ఆరు రోజులూ నడుము నొప్పి ఓర్చుకుంటుంది.

అప్పయమ్మగారు అప్పటికే గుమ్మంలో ఉంది. కుండ, పళ్లెం. తలంటు పోసుకున్నట్టుంది, జుట్టు తడిగా ఉంది.

"ఎల్లిపోతన్నావా?" అంది. అందులో నిష్ఠూరం లేదు. కుండ మాత్రం కొంచెం ముందుకి చాచింది.

హారన్ మళ్లీ మోగింది.

ఎస్తర్ రాణి కుండ అందుకుని గట్టు మీద పెట్టింది. సంచి భుజం మీదే ఉంచుకుని, గిన్నెలో చిటికెడు మైదా తీసుకుని, నీటిచుక్కతో కలిపి, ఓవెన్ మీట పక్కన ఒకచోట బొట్టులా పెట్టింది.

"మామ్మగారూ, ఇలా రండి. ఈ సెవి ఈ సుక్క దాకా తిప్పాల. దీని కింద టైముది. ఇరవై మీద పెట్టాల. టింగుమన్నాక దానంతటదే ఆరిపోద్ది. అప్పుడు కుండ పెట్టి తలుపెయ్యండి. మళ్లీ తిప్పకండి."

"ఆరిపోద్దా, నేను ఆపక్కర్లేదా?"

"అక్కర్లేదండి."

అప్పయమ్మగారు మీట మీద చెయ్యి వేసింది. పిడకలు సర్ది సర్ది మొద్దుబారిన వేళ్లకి అది అందలేదు. జారింది. రెండోసారి రెండు చేతులతో పట్టుకుని, నాలుక పంటి కింద పెట్టుకుని, చుక్క దాకా తిప్పి, కిందిది ఇరవై మీద పెట్టింది. లోపల సెగ కడ్డీలు మెల్లగా ఎర్రబడ్డాయి. ఆవిడ గాజుకి ముఖం దగ్గరగా పెట్టుకుని, ఎస్తర్ రాణి ముక్కాలిపీట తనే లాక్కుని కూర్చుంది. ఇంకెవరైనా ఉన్నారో లేదో చూడలేదు.

ఎస్తర్ రాణి తాళంచెవి సంచిలో వేసుకుంది. తలుపు దగ్గరికి వెయ్యకుండానే వీధిలోకి వచ్చి ఆటో ఎక్కింది. సీటుకి నడుము ఆనించి, కళ్లు మూసుకుంది.

సాల్మన్‌రాజు అద్దంలోంచి ఇంటి వైపు చూశాడు. "తలుపు తెరిసే ఉంది. తాళమెయ్యలేదేటే?"

"నువ్వు పోనీ," అంది ఎస్తర్ రాణి కళ్లు తెరవకుండా. "లోపల మనిషుంది."